కట్టు వాళ్లకు, పప్పు నాకు: లో-ఫాడ్‌మ్యాప్ నియమంలో మా ఇంటి పప్పు

ఏళ్ల తరబడి కడుపుబ్బరంతోను, నొప్పితోను, ఒకనాడు విరేచనాలు మరొకనాడు మలబద్ధకంగా మారే అవస్థతోను నెట్టుకొచ్చాక, జీర్ణకోశ వ్యాధుల నిపుణులు ఒకరు నాకున్నది ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే పేగు అతిగా స్పందించే రుగ్మత) అని తేల్చారు. బరువు తగ్గడం, మలంలో రక్తం పడడం వంటివేమీ లేవని అడిగి తెలుసుకుని, రక్తపరీక్షలో సీలియాక్ వ్యాధి, అంటే గోధుమల్లోని గ్లూటెన్ పేగును దెబ్బతీసే జబ్బు, లేదని చూసుకున్న తరువాతనే ఆయన ఆ మాట అన్నారు. గోధుమలు మానేసిన తరువాత చేయించుకుంటే ఆ రక్తపరీక్ష ఫలితాన్ని నమ్మడానికి వీలుండదు కనుక, తిండిలో ఏ మార్పు చేసుకోదలచినవారైనా ముందు ఆ పని ముగించుకోవడం మంచిది. ఆ తరువాత ఆయన నన్నొక డైటీషియన్ దగ్గరికి పంపారు. లో-ఫాడ్‌మ్యాప్ అనే ఆహార నియమం పాటించమని ఆవిడ చేతికిచ్చిన కాగితంలో వద్దన్నవాటి వరుసలో ఉల్లి, వెల్లుల్లి, గోధుమలు, పాలు, జీడిపప్పు, పుచ్చకాయ ఉన్నాయి. వాటి కింద ‘పప్పుధాన్యాలు’ అని ఒక్క ముక్కలో రాసి ఉంది. మిగతావాటికి ఎలాగో సర్దుకోవచ్చు. మాది శాకాహార కుటుంబం, మాంసకృత్తులు మాకు ప్రధానంగా దొరికేదే పప్పులో. అందుచేత కాగితం మడిచి సంచిలో పెట్టుకోకుండా, పప్పులో నాకు పడనిది సరిగ్గా ఏమిటో చెప్పమని ఆవిడను అక్కడే అడిగాను.

ఈ నియమం ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఉన్న మోనాష్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది. పీటర్ గిబ్సన్, సూ షెపర్డ్ అనే పరిశోధకులు 2005లో ఫాడ్‌మ్యాప్ అనే పేరును వాడుకలోకి తెచ్చారు. చిన్నపేగులో సరిగా ఇంకకుండా పెద్దపేగు దాకా వెళ్లి, అక్కడి సూక్ష్మజీవుల చేత పులియబెట్టబడే కొన్ని రకాల పిండిపదార్థాలకు అది ఉమ్మడి పేరు. పప్పుల్లో ఉండేవి అందులో ఒక తెగ మాత్రమే: రాఫినోజ్, స్టాకియోజ్, వెర్బాస్కోజ్ అనే చక్కెరలు. వీటి గొలుసును తెంచే ఆల్ఫా గెలాక్టోసైడేజ్ అనే ఎంజైము మనిషి చిన్నపేగులో లేదు, ఎంతటి ఆరోగ్యవంతుడికైనా లేదు. కాబట్టి పప్పు తిన్న ప్రతివారి పెద్దపేగులోను కొంత వాయువు పుడుతుంది. ఆ వాయువు వలన పేగు సాగుతుంది; ఐబీఎస్ ఉన్నవారి పేగు ఆ సాగుదలను నొప్పిగా గ్రహిస్తుంది, అంతే తేడా. ఈ సంగతి తెలిశాక నాకు ఒక విధమైన నిమ్మళం కలిగింది, ఎందుకంటే పప్పు నాకు విషం కాదని, ఎంత పరిమాణంలో లోపలికి వెళుతున్నదన్నదే ప్రశ్న అని అర్థమైంది.

డైటీషియన్ చూపిన మోనాష్ జాబితాలో అప్పటికి ఇంకొక విశేషం కనిపించింది. ఇంట్లో ఉడికించిన ఎర్రపప్పు, అంటే మనం మైసూరుపప్పు అనేది, పూటకు 23 గ్రాముల వరకే సురక్షితమని ఉంటే, డబ్బాలో నిలవ ఉంచి నీరు వార్చి కడిగిన మసూర్ గింజలు 46 గ్రాముల వరకు తినవచ్చని ఉంది. ఇంచుమించు అదే గింజకు రెట్టింపు కొలత ఎలా వచ్చిందంటే, ఆ చక్కెరలు నీటిలో కరుగుతాయి. డబ్బాలో నెలల తరబడి నానినప్పుడు గింజలోంచి నీటిలోకి దిగిపోతాయి. ఆ నీటిని పారబోస్తే వాటిలో కొంత భాగం దానితో పాటే పోతుంది. మన వంటింట్లో డబ్బా పప్పు ఎవరూ వాడరు. అయితే ఆ డబ్బా చేసే పనిని గిన్నెలో చేయలేమా అని ఆవిడనే అడిగితే, నిస్సందేహంగా చేయవచ్చన్నారు. నా పప్పు వంట మొత్తం ఆ ఒక్క సూత్రం మీద మారింది.

మొదట కుక్కరును పక్కన పెట్టాను. కుక్కరులో పప్పు, నీళ్లు కలిసి మెత్తగా ఏకమైపోతాయి కనుక, కరిగిన చక్కెర ఎక్కడికీ పోదు, మళ్లీ మన కంచంలోకే వస్తుంది. ఇప్పుడు పప్పును రాత్రే నానబెట్టి, పొద్దున ఆ నీళ్లు పారబోసి, రెండు మూడుసార్లు కడిగి, వెడల్పాటి గిన్నెలో అయిదారింతల నీళ్లు పోసి మూత లేకుండా ఉడికిస్తాను. పొంగు వచ్చినప్పుడు పైకి తేలే తెల్లని నురగను గరిటెతో తీసేస్తాను. ఎప్పుడు వార్చాలన్నదే అసలు కిటుకు. గింజను వేళ్ల మధ్య నొక్కితే పైభాగం చితికి, లోపల సన్నని పలుకు ఇంకా తగలాలి. ఆ దశలో చిల్లుల గిన్నెలోకి వంపితే పసుపుపచ్చగా, కాస్త జిగటగా ఉన్న నీరు దిగిపోయి పప్పు నిలుస్తుంది. పెసరపప్పు విషయంలో ఈ దశ రెండు మూడు నిమిషాలకు మించి ఉండదు. పొయ్యి దగ్గర నుంచి కదిలామా, పప్పంతా నీటిలో కలిసిపోయి వార్చడానికి ఏమీ మిగలదు. కందిపప్పు ఇంకొంచెం ఓపిగ్గా నిలబడుతుంది. వార్చిన తరువాత మళ్లీ వేడినీళ్లు పోసి మెత్తగా ఉడికించి ఎనిపితే మామూలు పప్పులాగే ఉంటుంది, రుచి మాత్రం కాస్త చప్పబడుతుంది.

ఈ పద్ధతికి మా ఇంట్లో ఎదురైన అభ్యంతరం మా అత్తయ్యగారి నుంచి వచ్చింది. “కట్టు పారబోస్తే ఇంక పప్పులో బలమేముంటుందమ్మా? జ్వరపడి లేచినవాళ్లకు పెట్టేది కట్టే కదా” అన్నారామె. ఆమె మాటలో నిజం లేకపోలేదు. ఫోలేట్ వంటి నీటిలో కరిగే విటమిన్లు, కొంత పొటాషియం ఆ నీటితో పోతాయి. మాంసకృత్తులలో ఎక్కువ భాగం, పీచు మాత్రం గింజలోనే ఉంటాయి. నిజానికి నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది ఆమె చెప్పిన రెండో మాట. కడుపు బాగాలేనప్పుడు పప్పు మానేసి, తేలిక అనుకుని నేను ఇన్నాళ్లూ తాగినది ఆ కట్టుతో కాచిన చారునే. పలచగా కనిపిస్తుంది కనుక తేలిక అనుకుంటాం. నా బోటి పేగుకు పడని చక్కెరలు దిగేది ఆ పలచని తేటలోకే. చివరికి మా ఇంట్లో కుదిరిన రాజీ ఏమిటంటే, వార్చిన కట్టు పారబోయకుండా అత్తయ్యగారికి, మావారికి చారు కాస్తున్నాను. నాకు చింతపండు, టమాటా, మిరియాలు, జీలకర్రతో పప్పు కలపని చారు వేరే పెట్టుకుంటున్నాను. ఎవరి బలం వారికి దక్కుతున్నది.

వార్చినంత మాత్రాన కొలత పట్టించుకోనక్కరలేదని కాదు. తొలి వారాలలో నాకు పూటకు ఉడికిన పప్పు పావు కప్పు వరకే అనుమతి ఉండేది. ముద్దపప్పులో నెయ్యి వేసుకుని అన్నమంతా దానితోనే కలిపే అలవాటున్నవారికి పావు కప్పు ఒక మూలకు రాదు. అందుచేత ముద్దపప్పును ఆపి, కూరలు కలిపిన పప్పుకు, పప్పుచారుకు మారాను. పాలకూర పప్పులో ఆకు మూడు వంతులు, పప్పు ఒక వంతు చేస్తే పావు కప్పు పప్పే నిండు గిన్నెలా కనిపిస్తుంది. పప్పుచారులో వంకాయ, బెండకాయ, క్యారెట్, బంగాళాదుంప ముక్కలు వేసి, చిక్కదనానికి చెంచాడు బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోస్తే, పప్పు తగ్గిందని ఎవరూ కనిపెట్టలేదు. సాంబారు పొడి మాత్రం ఇంట్లోనే కొట్టుకోవలసి వచ్చింది, ఎందుకంటే అందులో శనగపప్పు, కందిపప్పు వేయించి కలుపుతారు, కొన్న పొడుల్లో వెల్లుల్లి కూడా ఉంటుంది.

ఇక పోపు. పప్పు వంటలో పప్పుతో సమానంగా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువగా బాధపెట్టేవి ఉల్లి, వెల్లుల్లి. వాటిలో ఉండే ఫ్రక్టాన్లు ఫాడ్‌మ్యాప్‌లలో మరొక తెగ. ఇవి నీటిలో కరుగుతాయి గాని నూనెలో కరగవు, కాబట్టి వెల్లుల్లి రుచిని నూనె ద్వారా తెచ్చుకునే వీలుంది. నాలుగు రెబ్బలను కచ్చాపచ్చాగా దంచి, సన్నని సెగ మీద నూనెలో వేసి, అంచులు బంగారు రంగు తిరగగానే చిల్లుల గరిటెతో ఒక్క ముక్క కూడా మిగలకుండా ఏరేస్తాను. ఆ తరువాతనే ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు. వెల్లుల్లిని పప్పులో వేసి ఉడికించి తీసేస్తే చాలదా అని మా ఆడపడుచు అడిగింది. చాలదు, నీళ్లలోకి దిగవలసినది అప్పటికే దిగిపోతుంది. ఇలా చేసిన నూనెను సీసాలో పోసి నిలవ ఉంచకూడదు, దానిలో బాట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషాన్ని కలిగించే సూక్ష్మజీవి పెరిగే ప్రమాదం ఉంది. ఏ పూటకు ఆ పూట చేసుకోవడమే క్షేమం. ఉల్లికి బదులు ఉల్లికాడల ఆకుపచ్చ భాగం సన్నగా తరిగి చివర్లో చల్లుతాను, తెల్లని గడ్డ వైపు వాడను.

ఇంగువ ఈ నియమంలో మనకు పెద్ద అండ. ఉల్లి, వెల్లుల్లి లేని లోటును అంతగా పూడ్చేది మరొకటి లేదు; ఉల్లి తినని ఇళ్లలో తరతరాలుగా చేస్తున్నదీ అదే. డబ్బా వెనక చదివితే చాలా రకాల్లో ఇంగువతో పాటు గోధుమపిండో మైదానో కలిపి ఉంటుంది. సీలియాక్ ఉన్నవారికి అది ముఖ్యమైన విషయం, వారు బియ్యప్పిండి కలిపిన రకాన్నే వెతుక్కోవాలి. నా వంటి వారికి చిటికెడు ఇంగువలోని పిండి లెక్కలోకి రాదని డైటీషియన్ చెప్పారు, నేను మళ్లీ ఆలోచించలేదు.

పలహారాల దగ్గర పని సులువైంది. ఇడ్లీకి మినప్పప్పును నానబెట్టిన నీళ్లు ఎలాగూ వంపేస్తాం, ఒక వంతు పప్పుకు రెండు మూడు వంతుల బియ్యపురవ్వ పడుతుంది, రాత్రంతా పులిసేటప్పుడు ఆ చక్కెరలలో కొంత భాగాన్ని మనకన్నా ముందు పిండిలోని సూక్ష్మజీవులే తినేస్తాయి. నాకు మొదటి రోజు నుంచి ఇడ్లీతో ఏ ఇబ్బందీ రాలేదు. పెసరట్టు అలా కాదు. అందులో ఉన్నదంతా పెసలే, ఉడికించి వార్చే అవకాశం లేదు, పులియబెట్టడం లేదు. పెసలను మొలకెత్తిస్తే మొలక తన ఎదుగుదలకు ఆ చక్కెరలనే వాడుకుంటుంది కనుక, మొలకలు వచ్చిన పెసలకు సగానికి సగం నానిన బియ్యం కలిపి రుబ్బి, అల్లం, పచ్చిమిర్చి వేసి, ఉల్లి లేకుండా ఒక్క అట్టుతో సరిపెట్టుకున్నాను. అట్టు కాస్త గట్టిగా వస్తుంది, పల్చగా తిప్పాలి. గారెలు, పునుగుల జోలికి పోలేదు. వాటిలో పప్పు సంగతి అటుంచి, నూనె సరకు ఎక్కువైతే నా కడుపు వేరే పేచీ పెడుతుంది.

లొంగనిది కందిపచ్చడి, కందిపొడి. పప్పును వేయించడం వలన రుచి వస్తుంది గాని చక్కెర పోదు, వార్చడానికి నీరే లేదు. పొడి పప్పు గనుక చెంచాడులోనే ఎక్కువ గింజ ఇమిడి ఉంటుంది. వీటికి బదులుగా కరివేపాకు పొడి, నువ్వుల పొడి చేసుకుని మొదటి ముద్ద గండం గట్టెక్కించాను. నేతిలో పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ దాదాపు ఉండదు, అది మానవలసిన పని పడలేదు.

ఈ కఠిన నియమం రెండు నుంచి ఆరు వారాలకు మించి సాగకూడదన్నది అందరూ గుర్తుంచుకోవలసిన విషయం. మన పేగులోని మంచి సూక్ష్మజీవులకు కూడా ఆహారం ఈ చక్కెరలే; కలకాలం మానేస్తే వాటికి నష్టం. కుదుటపడిన తరువాత ఒక్కొక్క తెగను విడివిడిగా, మూడు రోజుల పాటు కొలత పెంచుకుంటూ తిని చూడాలి, మిగతా తిండి అంతా నియమం ప్రకారమే ఉండాలి. ఒకేసారి ఉల్లి వేసిన సాంబారు తిని చూస్తే, బాధపెట్టింది ఉల్లో పప్పో తెలియదు. అందుకని నేను ఉల్లి, వెల్లుల్లి లేని వార్చిన కందిపప్పుతో మొదలుపెట్టాను. పావు కప్పుకు ఏమీ కాలేదు, అర కప్పుకు కొద్దిగా బరువనిపించింది, ముప్పాతిక కప్పుకు పాత ఉబ్బరం తిరిగి వచ్చింది. కొన్నాళ్లు ఆగి వెల్లుల్లి తిని చూస్తే, పప్పులో ఉడికిన రెండే రెబ్బలకు ఆ రాత్రి నిద్ర లేదు. ఇన్నేళ్లుగా పప్పు మీద పడిన నిందలో పెద్ద వాటా పోపుదేనని అలా తేలింది. ఉల్లి కూడా కొంచెమైనా పడలేదు.

ఇప్పుడు వారంలో నాలుగైదు రోజులు అర కప్పు లోపు పప్పు తింటున్నాను. పెసరపప్పు, మైసూరుపప్పు ఎక్కువ, కందిపప్పు ఆదివారాలు. పెళ్లిభోజనాలకు వెళ్లినప్పుడు అక్కడి పప్పును ఎవరు వార్చి ఉంటారు గనుక, ఆల్ఫా గెలాక్టోసైడేజ్ మాత్రను మొదటి ముద్దతో పాటే వేసుకుంటాను. ఒక రకం బూజు నుంచి తీసే ఎంజైము అది. పప్పులోని చక్కెరల మీద పనిచేస్తుంది గాని ఉల్లి, వెల్లుల్లిలోని ఫ్రక్టాన్ల మీద పనిచేయదు, కాబట్టి సాంబారు గరిటె నా విస్తరి దగ్గరికి వచ్చినప్పుడు చేయి అడ్డం పెట్టక తప్పదు. కందిపచ్చడి ఇంట్లో చేసిన రోజున ఒక చెంచా నాది, తక్కినదంతా మావారి వాటా.