ఈ మధ్య చదివినవి, గడిపిన ఆదివారాలు

ఈ వేసవిలో చదివిన వాటిలో మనసును బాగా పట్టుకున్న నవల డాక్టర్ పి. శ్రీదేవి రాసిన ‘కాలాతీత వ్యక్తులు’. 1957లో ‘తెలుగు స్వతంత్ర’లో ధారావాహికగా మొదలైన ఈ రచనలో, ఉద్యోగం చేస్తూ తండ్రిని పోషించే ఇందిరను రచయిత్రి దేవతగానూ చూపలేదు, దోషిగానూ నిలబెట్టలేదు. ఆమె స్వార్థాన్నీ, ధైర్యాన్నీ ఒకే చూపుతో చూడగలగడమే ఈ నవలలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది. 1963లో వచ్చిన ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమాకు ఇదే ఆధారమని చెప్పగానే మా అమ్మ కళ్లద్దాలు సర్దుకుని పుస్తకం అందుకుంది. ఇందిరది తప్పు కాదని ఆమె, కొంత తప్పేనని పెద్దక్క, అన్నం చల్లారేదాకా వాదించుకున్నారు.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ఆత్మకథ ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ చదవడం ఇంకా నడుస్తోంది. ఆ తెలుగును తొందరగా చదివేయాలనిపించదు.

ఒక ఆదివారం స్నేహితులతో, అక్క పిల్లలతో చెన్నై ఎగ్మోరులోని కన్నెమరా గ్రంథాలయానికి వెళ్లాం. 1896లో తెరిచిన ఆ పాత భవనంలో, ఎత్తయిన పైకప్పు కింద పిల్లలు తమంతట తామే గొంతు తగ్గించారు. సాయంత్రం బెసంట్ నగర్ తీరంలో సుండల్ (తాలింపు శనగలు) తింటూ, వచ్చే నెల అందరం కలిసి ఏ పుస్తకం చదవాలో మాట్లాడుకున్నాం. అమ్మ రచయిత గోపీచంద్ పేరు చెప్పింది.