మేళాకు 24 గుడ్డ బొమ్మలు: మెడ దగ్గరే పడ్డ తంటా (నా అనుభవం)

రెండో మేళా నిన్ననే ముగిసింది. తీసుకెళ్లిన 24 బొమ్మల్లో ఒక్కదాని తల కూడా వాలలేదు. మొదటి మేళాలో రెండో రోజు మధ్యాహ్నానికి సగానికి పైగా బొమ్మలు గడ్డం ఛాతీకి ఆనించి కూర్చున్నాయి. ఒకావిడ బొమ్మను చేతిలోకి తీసుకుని, "దీని మెడ విరిగిందండీ" అని నలుగురిలో పైకే అని, దాన్ని బల్ల మీద పడుకోబెట్టి వెళ్లిపోయింది. ఆ మాట నిజమే కాబట్టి నా దగ్గర జవాబు లేదు. ఇది ముఖ్యంగా ఆ మెడ కథ. బొమ్మలు కుట్టి అమ్మాలనుకునేవాళ్లు మిగతాదంతా తేలిగ్గానే నేర్చుకుంటారు.

ముందు లెక్కలు. బొమ్మ ఎత్తు 38 సెం.మీ., ఒంటికి మధ్యరకం మందం ఉన్న కోరా కాటన్, ఒక్కో బొమ్మకు సుమారు 120 గ్రాముల పాలిస్టర్ దూది. మామూలు పత్తి తడిస్తే ఉండలు కడుతుంది, లోపల ఆరదు. ఉతికే బొమ్మకు పనికిరాదు. గుడ్డను కత్తిరించే ముందే వేడినీళ్లలో ఉతికి ఇస్త్రీ చేయండి. కాటన్ మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది, ఆ ముడుచుకోవడమేదో బొమ్మ కాకముందే అయిపోవాలి. ముదురు రంగు గౌను గుడ్డయితే తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే ఆ గుడ్డ వద్దు.

కుట్టడం పెద్ద పనేం కాదు. మిషన్ మీద కుట్టు పొడవు 1.5 మి.మీ.కు తగ్గించి, కుట్టు బయట అంచున 6 మి.మీ. మార్జిన్ వదిలి, వంపులున్న చోట రెండోసారి కుడతాను. దూది కూరేటప్పుడు కుట్టు మీద పడే లాగుడు బట్టల మీద పడేదానికన్నా చాలా ఎక్కువ. బట్టలకు వేసే కుట్టు పొడవుతోనే కుడితే కుట్ల మధ్య దూది తెల్లగా తొంగి చూస్తుంది. లోపలి వంపుల దగ్గర, అంటే మెడ, చంక, బొటనవేలి పక్కన, కుట్టుకు 1 మి.మీ. దూరం వరకు గాట్లు పెట్టాలి. గాటు లోతు చాలకపోతే తిరగేసినప్పుడు అక్కడ ముడత పడుతుంది, ఇస్త్రీ చేసినా పోదు. చేతులు తిరగేయడానికి లావుపాటి స్ట్రా, మొన అరగదీసిన పుల్ల చాలు.

ఇక మెడ.

నేను మొదట వాడిన నమూనాలో, అంటే గుడ్డ కత్తిరించడానికి గీసిన కాగితపు అచ్చులో, తల, మెడ, మొండెం ఒకే ముక్క. కాగితం మీద మెడ వెడల్పు 4 సెం.మీ., తల వెడల్పు 12. చూడటానికి సరిపోయినట్టే ఉంటుంది. కానీ చదునుగా 4 సెం.మీ. ఉన్న గొట్టానికి చుట్టుకొలత 8, దూది కూరి గుండ్రం చేస్తే అడ్డం (8ని 3.14తో భాగిస్తే) రెండున్నర సెం.మీ. మాత్రమే. దాని మీద, అదే లెక్కన ఏడున్నర సెం.మీ. అడ్డం వచ్చే తల నిలబడాలి. నమూనాలు గీసి అమ్మేవాళ్లు ఈ భాగహారం చేయకుండానే గీస్తారని నాకిప్పుడు గట్టి నమ్మకం. సన్నటి మెడ ఫొటోలో అందంగా ఉంటుంది, వాళ్ల పని అక్కడితో సరి. ఆ బొమ్మను పదిమంది చేతుల్లో పెట్టేది మనం.

రెండో తప్పు నాదే. గుడ్డ ఆదా అవుతుందని ముక్కల్ని అడ్డంగా పరిచి కత్తిరించాను. పడుగు (గుడ్డ నిలువు దారాల వైపు) తక్కువ సాగుతుంది, పేక (అడ్డ దారాల వైపు) కాస్త సాగుతుంది, క్రాస్ (ఐమూల వైపు) బాగా సాగుతుంది. మెడ పొడవు పేక వైపు పడింది కాబట్టి కూరినకొద్దీ పొడుగై ఇంకా సన్నబడింది. గుడ్డ నేత అంచుకు సమాంతరంగా, అంటే పడుగు వెంట, మెడ పొడవు ఉండేలా పరిస్తే ఈ సాగుడు ఉండదు. చేతులకూ కాళ్లకూ ఇదే పద్ధతి. పొడవు స్థిరంగా ఉండి, కొద్దిగా లావు వైపు సాగి బొద్దుగా వస్తాయి.

మూడోది కూరే దారి. దూది నింపడానికి మొండెం పక్క కుట్టులో 5 సెం.మీ. వదిలాను. ఆ సందులోంచి పుల్ల మెడలోకి నేరుగా వెళ్లదు, ఏటవాలుగా వెళ్తుంది. దాంతో మెడలో ఒక పక్క గట్టిగా, రెండో పక్క బోలుగా తయారైంది. పైగా తలకు వేరుగా, మెడకు వేరుగా, ఛాతీకి వేరుగా చిన్నచిన్న ఉండలు చేసి తోశాను. ఉండకూ ఉండకూ మధ్య అతుకు ఉండదు. ఎవరైనా బొమ్మను ఎత్తిన ప్రతిసారీ మెడ వంగుతుంది, మెడలోని దూది కొంత పైకి, కొంత కిందికి జరుగుతుంది. పట్టుకుని చూసేవాళ్లు ఎక్కువయ్యేకొద్దీ మెడ ఖాళీ అవుతుంది. ఇంటి దగ్గర నిటారుగా కూర్చున్న బొమ్మ మేళాలో వాలిపోవడానికి అసలు కారణం ఇదే. ఒకసారి మెడ వెనక ముడత పడిందా, గుడ్డ మళ్లీ మళ్లీ అక్కడే మడత పడుతుంది.

మొదటి మేళాలో మిగిలిన బొమ్మల మీద వరసగా ప్రయోగాలు చేశాను. మెడ వెనక చిన్న గాటు పెట్టి ఇంకా దూది తోస్తే ఒక పక్క గూని లేచింది. మెడ చుట్టూ దారం బిగిస్తే ఇంకా సన్నబడి తల రెట్టింపు ఊగింది. మెడకు రుమాలు కట్టి దాచమని చాలామంది సలహా ఇస్తారు. కొనేవాళ్లు ముందు విప్పి చూసేది ఆ రుమాలే, ఆ సలహా పాటించకండి. కర్రపుల్ల పెడితే మెడ మాత్రం స్తంభంలా నిలబడింది. కానీ పిల్లలు బొమ్మ మీద కూర్చుంటారు. పుల్ల విరిగితే మొన గుడ్డ చీల్చుకుని బయటికి వస్తుంది, తడిస్తే లోపల నానుతుంది. అద్దాల బీరువాలో పెట్టుకునే బొమ్మకైతే సరే. పిల్లల చేతికిచ్చే దాంట్లో పుల్ల పెట్టి అమ్మడం తప్పు. ఎవరు ఎంత అందంగా చేసినా ఇది తప్పే.

చివరికి పనిచేసింది గుడ్డ చుట్ట. ఫ్లానెల్ లాంటి మందపు గుడ్డను 10 సెం.మీ. వెడల్పు పట్టీగా తీసుకుని, చాప చుట్టినట్టు బిగించి చుడతాను. లావు రెండున్నర సెం.మీ. రాగానే కత్తిరించి, అంచును చేత్తో కుట్టేస్తాను. ఈ చుట్ట 4 సెం.మీ. తలలోకి, 4 ఛాతీలోకి వెళ్తుంది. మధ్యలో 2 సెం.మీ. మెడ. పట్టుకుంటే గట్టిగా ఉంటుంది, గుచ్చుకోదు, ఉతకొచ్చు. మెడ వెడల్పును కాగితం మీద ఆరున్నర సెం.మీ. చేశాను, గుండ్రమయ్యాక 4 పైచిలుకు వస్తుంది. చుట్ట చుట్టూ దూదికి చోటు ఉంటుంది కాబట్టి మెడ గట్టి గొట్టంలా కనిపించదు.

కూరే దారిని కూడా మార్చాను. పక్క కుట్టు పూర్తిగా మూసేసి మొండెం అడుగు మొత్తం తెరిచి ఉంచుతాను, అక్కణ్నుంచి పుల్ల మెడలోకి నిటారుగా వెళ్తుంది. ముందు తలను గట్టిగా నింపి మధ్యలో వేలితో గుంట చేసి, చుట్టను అందులోకి దించుతాను. తర్వాత ఉండలు కాకుండా పొడుగు పాయలుగా లాగిన దూదిని, ఒక కొస తలలో ఒక కొస ఛాతీలో ఉండేలా చుట్ట చుట్టూ దించుతాను. మొండెం నింపడం ఆ తర్వాతే. చివర కాళ్లు అడుగులోకి దూర్చి, జంట దారంతో నిచ్చెన కుట్టు (రెండు అంచుల మడతల్లోంచి మెట్లలా దారం తీసి లాగే, బయటికి కనబడని చేతికుట్టు) వేసి మూస్తాను. నా నిచ్చెన కుట్టును భూతద్దం పెట్టి వెతికినా పట్టుకోలేరు. ఇది గర్వంగానే చెబుతున్నాను.

పరీక్ష సులువు. కాళ్లు పట్టుకుని బొమ్మను 20 సార్లు గట్టిగా విదిలించండి. తర్వాత నడుము పట్టుకుని అడ్డంగా ఉంచండి. తల ఛాతీ మట్టం కంటే కిందికి జారితే అది అమ్మకానికి కాదు. పాత సన్న మెడ బొమ్మల్ని పారేయలేదు. అడుగు విప్పి, దూది మొత్తం తీసి, ఒకటిన్నర సెం.మీ. లావు చుట్ట పెట్టి మళ్లీ నింపాను, అవీ నిలబడ్డాయి.

ముఖం గురించి రెండు మాటలు. కళ్లు తల ఎత్తులో సగం దగ్గర రావాలి. దూది నిండాక ముఖం గుండ్రమై బుగ్గలు పక్కలకు తిరిగిపోతాయి, కళ్లు దూరమైనట్టు కనిపిస్తాయి. అందుకే చదును గుడ్డ మీద ఒక్కో కన్నును 3 మి.మీ. లోపలికి జరిపి గీస్తాను. నీళ్లకు పోయే పెన్నుతో గీస్తే, కడిగాకే ఇస్త్రీ పెట్టండి. వేడి తగిలితే ఆ గీత గుడ్డలో దిగబడిపోతుంది. బొత్తాలు, పూసలు నేను కళ్లకు వాడను. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలో ఊడి నోట్లోకి పోయే ముక్క ఒక్కటి కూడా ఉండకూడదు, రెండు పోగుల దారంతో శాటిన్ కుట్టు (సందు లేకుండా పక్కపక్కనే దారం పరిచే ఎంబ్రాయిడరీ కుట్టు) కన్నే చాలు. ఊలు జుట్టును జిగురుతో అంటించకండి, పాపిడి వెంట వెనక కుట్టు (బ్యాక్ స్టిచ్) వేయండి.

ఒక్కో బొమ్మకు ఆరు గంటలు పడుతోంది. ఆ గంటల్ని ధరలో కలపకుండా గుడ్డకూ దూదికీ ఎంతయిందో అంతకే అమ్మేవాళ్ల వల్ల పక్క బల్లవాళ్లందరి పనీ చవకైపోతుంది. రెండు మేళాల్లోనూ ఇదే చూశాను. బేరం ఆడినవాళ్లకు బొమ్మను అడ్డంగా పట్టుకుని తల చూపించాను, అంతే.

మిగిలినవి ఐదు. ఇంటికి తెచ్చేటప్పుడు పెట్టెలో కూర్చోబెట్టలేదు, పైన బరువు లేకుండా వెల్లకిలా పడుకోబెట్టాను. మెడ కింద దూది పాయ ఒకటి మడిచి పెడితే దారి కుదుపులకు వెనక ముడత పడదు.