ట్యూబు తీసేసి, ఫోర్కు గాలి సరిచేసి: హార్డ్‌టెయిల్ మీద నా అనుభవం

పల్లేరు కాయ నేల మీద ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. సర్కారు తుమ్మ ముల్లు ఎండితే మేకుతో సమానం. వికారాబాద్ వైపు మొరం దారుల్లో రెండింటికీ కొదవ లేదు. అక్కడ ట్యూబు టైర్లతో తిరగాలంటే ప్యాచీల డబ్బా జేబులో ఉండాల్సిందే. నా 29 అంగుళాల చక్రాల హార్డ్‌టెయిల్‌ను, అంటే ముందు ఫోర్కు మాత్రమే కుంగే కొండదారి సైకిల్‌ను, ట్యూబ్‌లెస్‌గా మార్చి (ట్యూబు లేకుండా, టైరులో బెజ్జాలు పూడ్చే సీలెంట్ ద్రవం పోసి), ఆపైన గాలితో పనిచేసే ఆ ఫోర్కును నా బరువుకు సరిచేసుకున్నాను. రెండు సాయంత్రాల పని. ఏది ముందు చేశానో, ఎక్కడ బెడిసికొట్టిందో రాస్తున్నాను.

అసలు ఆలోచన మొదలైంది కొత్త బైక్ దగ్గర. ఇప్పుడు ఫ్రేముల రకాలు చూస్తే కళ్లు తిరుగుతాయి గానీ, రెండు అంకెలు చాలు: ఫోర్కు ఎన్ని మిల్లీమీటర్లు కుంగుతుంది, హెడ్ ట్యూబు (హ్యాండిల్ కింద ఫోర్కు దూరే గొట్టం) ఎంత వాలుగా ఉంది. తేలిక దారి బైకుల నుంచి కఠినమైన దిగుడు బైకుల వరకు వరసగా చెబితే, క్రాస్ కంట్రీ అంటే ఫోర్కు 100 నుంచి 120 మి.మీ. ట్రెయిల్ అంటే 120 నుంచి 150. ఎండ్యూరో 150 నుంచి 180. డౌన్‌హిల్ 200. హెడ్ కోణం ఎంత తక్కువైతే ముందు చక్రం అంత ముందుకు పోతుంది, దిగుడులో బైక్ అంత నిలకడగా ఉంటుంది. పదిహేనేళ్ల కిందట క్రాస్ కంట్రీ బైకులకు 70, 71 డిగ్రీలు మామూలు. ఇప్పుడు అవే 67 చుట్టూ ఉంటున్నాయి. ట్రెయిల్ బైకులు 65 దగ్గరికి దిగాయి. సీటు ట్యూబు (సీటు కింది గొట్టం) మాత్రం నిటారు అవుతూ వస్తోంది, ఎక్కుడులో బరువు వెనక చక్రం వెనక్కి జారకుండా. ముందు 29, వెనక 27.5 అంగుళాల చక్రం పెట్టే 'మల్లెట్' పద్ధతి కూడా ఉంది. మన చుట్టుపక్కల గుట్టల ఎత్తుకి అది అక్కర్లేదని నా అభిప్రాయం.

నా ఫ్రేముకు 120 మి.మీ. ఫోర్కు ఉంది. దాన్ని తీసి 140 వేద్దామా అని లెక్క వేశాను. ఫోర్కు 20 మి.మీ. పెరిగితే హెడ్ కోణం సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. అంతవరకు బాగానే ఉంది. సీటు ట్యూబు కూడా అంతే వెనక్కి వాలుతుంది, పెడల్ ఇరుసు పైకి లేస్తుంది. ఫ్రేము తయారుచేసినవాళ్లు చెప్పిన పొడవు దాటితే వారంటీ పోతుంది, వెల్డు మీద ఒత్తిడీ పెరుగుతుంది. ఇంకో చిక్కు హబ్బులో (చక్రం మధ్య భాగం) ఉంది. ఇప్పుడు దొరికే మంచి ఫోర్కులన్నీ దాదాపు 110 మి.మీ. వెడల్పు, 15 మి.మీ. ఇరుసున్న 'బూస్ట్' కొలతవే. పాత బైకుల ముందు హబ్బు 100 మి.మీ., ఇరుసు చేతి మీటతో ఊడే 9 మి.మీ. క్విక్ రిలీజ్. ఫోర్కు కొంటే చక్రమూ కొనాలి. పైగా హెడ్ ట్యూబు నేరుగా ఉంటే, కింద 1.5 అంగుళాలకు లావెక్కే టేపర్డ్ స్టీరర్ (ఫోర్కు పై గొట్టం) చాలావాటిలో దూరదు. ఇవన్నీ కొలిచాక ఫోర్కు ఆలోచన మానేసి టైర్ల దగ్గరికి వచ్చాను.

టైర్లలోనే అసలు మార్పు వచ్చింది. ఒకప్పుడు 2.1 అంగుళాల టైరు, లోపలి వెడల్పు 19, 21 మి.మీ. ఉన్న రిమ్ము. ఇప్పుడు పోటీల్లో తొక్కేవాళ్లు కూడా 2.4 వాడుతున్నారు, రిమ్ము 30 మి.మీ. గట్టి గాలి వేగంగా పోతుందన్నది నున్నటి తారు మీద మాట. రాళ్ల మీద గట్టి టైరు ప్రతి రాయికీ మనిషిని పైకి ఎత్తుతుంది. ఆ ఎత్తిన శక్తి అంతా దండగే. మెత్తటి టైరు రాయిని తనలోకి తీసుకుని ముందుకు పోతుంది. కాకపోతే ట్యూబుతో అంత తక్కువ గాలి పెడితే రాయికి, రిమ్ముకి మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు బెజ్జాలు పడతాయి. ట్యూబు తీసేయడానికి ముళ్లు ఒక కారణమైతే, ఈ పాము కాటు ఇంకో కారణం.

పని మొదలుపెట్టే ముందు చూడాల్సినవి రెండు. రిమ్ము మీద 'ట్యూబ్‌లెస్ రెడీ' అని ఉండాలి. టైరు మీద కూడా అదే ఉండాలి. టైరు అంచును బీడ్ అంటారు. ట్యూబ్‌లెస్ రిమ్ములో బీడ్ కూర్చునే గట్టు, దాని లోపలి పక్క చిన్న మిట్ట ఉంటాయి. మామూలు రిమ్ములో ఆ మిట్ట ఉండదు. టేపు వేసి గాలి నింపితే నిలుస్తుంది, మలుపులో పక్కకు ఒత్తిడి పడగానే 'బుస్' మని వదిలేస్తుంది. తీగ బీడ్ ఉన్న చౌక టైర్లు చాలావరకు దీనికి పనికిరావు, మడతపెట్టగలిగేవి కొనాలి.

నా రిమ్ము లోపలి వెడల్పు 25 మి.మీ. టేపు 28 మి.మీ. తీసుకున్నాను. గోడల దగ్గర కాస్త పైకి ఎక్కాలి గానీ బీడ్ గట్టు మీద మడత పడకూడదు. పాత రబ్బరు పట్టీ తీసి, రిమ్ము లోపలంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచాను. ఇక్కడ బద్ధకిస్తే తర్వాత అంతా వృథా. చేతి జిడ్డు ఉన్నచోట టేపు లేచి, ద్రవం స్పోకు రంధ్రాల్లోకి దిగుతుంది. వాల్వు రంధ్రానికి 8 సెం.మీ. అవతల మొదలుపెట్టి, చుట్టూ తిప్పి, రంధ్రం మీదుగా మళ్లీ 8 సెం.మీ. ఇవతలి వరకు వేశాను. అంటే వాల్వు దగ్గర రెండు పొరలు. ఒక చక్రానికి 2.1 మీటర్లు పట్టింది. టేపును సాగదీస్తూ లాగాలి. వదులుగా వేస్తే మధ్య గాడిలో బుడగలు మిగులుతాయి.

వాల్వు రంధ్రం దగ్గర బ్లేడుతో అడ్డంగా, నిలువుగా కోయడం మొదటి చక్రంతో నేను చేసిన తప్పు. ఆ కోత చివర్ల నుంచి టేపు చిరిగి, మర్నాడు వాల్వు పక్కన గాలి కారింది. టేపు మొత్తం మళ్లీ వేయాల్సి వచ్చింది. రెండోసారి వేడిచేసిన సన్న మేకుతో గుండ్రంగా కాల్చాను. అంచు కరిగి గట్టిపడింది, చిరగలేదు. ఆ తర్వాత ట్యూబు పెట్టి, టైరు ఎక్కించి, గాలి నింపి రాత్రంతా వదిలేశాను. టేపును ట్యూబే నొక్కి అతికిస్తుంది. పొద్దున టైరును ఒక పక్క మాత్రమే ఊడదీసి ట్యూబు లాగేస్తే, రెండో పక్క అప్పటికే గట్టు మీద కూర్చుని ఉంటుంది. సగం పని తప్పుతుంది.

వాల్వు నట్టును వేళ్లతోనే బిగించాలి. ప్లైయరు పెడితే దారిలో ట్యూబు వేయాల్సి వచ్చిన రోజు అది ఊడదు.

ఇక గాలి. టైరు పక్కన తిరిగే దిక్కు బాణం చూసుకుని, బీడ్‌కు సబ్బు నీళ్లు రాసి, ద్రవం పోయకుండానే ముందు ఎక్కించి చూడాలి. మామూలు ఫ్లోర్ పంపుతో వెనక చక్రం కూర్చుంది, ముందుది కూర్చోలేదు. గాలి వేగం చాలకపోతే బీడ్ గట్టు మీదికి దూకదు. పంక్చర్ షాపు కంప్రెసర్ దగ్గరికి తీసుకెళ్తే అక్కడి నాజిల్ మోటారు బండి వాల్వుది. నా చక్రానికున్న సన్నటి ప్రెస్టా వాల్వుకు అడాప్టర్ కావాలి. ఆ అడాప్టర్ వాల్వు కోర్ (వాల్వు లోపల విప్పగలిగే భాగం) మీదే బిగుస్తుంది కాబట్టి కోర్ తీయలేం, దారి సన్నగానే ఉంటుంది. దానికన్నా కోర్ తీసేసి, దుమ్ము కొట్టే గాలి గన్నును నేరుగా వాల్వు మీద నొక్కడం మేలు. రెండు సెకన్లలో 'ఠప్, ఠప్' మని కూర్చుంది. టైరు మీద రాసిన గరిష్ఠ పీడనం దాటకూడదు. నేను 35 పీఎస్ఐ (గాలి పీడనం కొలత) దగ్గర ఆపాను. రిమ్ము అంచుకు దగ్గరగా టైరు మీద ఒక సన్న గీత ఉంటుంది. అది చుట్టూ ఒకే ఎత్తులో కనిపించాలి. ఎక్కడైనా లోపలికి దిగితే గాలి తీసి, అక్కడ మళ్లీ సబ్బు రాసి, మళ్లీ కొట్టాలి.

కోర్ తీసి, వాల్వును గడియారంలో నాలుగు గంటల ముల్లు ఉండే చోటికి తెచ్చి, సిరంజితో ఒక్కో టైరులో 110 మి.లీ. లేటెక్స్ సీలెంట్ పోశాను. డబ్బాను బాగా కుదపకపోతే ముళ్ల బెజ్జాలు పూడ్చే సన్న ముక్కలు అడుగునే ఉండిపోతాయి. బ్రేకు డిస్కును ముందే కవరుతో కప్పడం మంచిది. గాలి నింపి, చక్రాన్ని తిప్పి, ఊపి, బకెట్ మీద ఒక్కో పక్కకు పది నిమిషాలు పడుకోబెట్టాలి. పక్క గోడల్లో చెమట పట్టినట్టు తెల్లటి చుక్కలు వస్తే భయం లేదు, ఒకటి రెండు రోజుల్లో ఆగుతాయి. స్పోకు నిపుల్ (స్పోకును రిమ్ముకు బిగించే నట్టు) దగ్గర తడి కనిపిస్తే మాత్రం టేపు పోయినట్టే, మళ్లీ మొదటికి.

పీడనం చూడటానికి పంపు మీటరును నమ్మకండి. 160 వరకు గీతలున్న ముల్లు 20 దగ్గర ఏదో ఒకటి చెబుతుంది. చిన్న డిజిటల్ గేజ్ కొనాలి. సంచి, నీళ్లతో కలిపి 74 కిలోల బరువుకు ముందు 26, వెనక 28తో మొదలుపెట్టి, ఒకే దారిలో తొక్కుతూ ఒక్కొక్క పీఎస్ఐ తగ్గించాను. వెనక 22 దగ్గర రిమ్ముకు రాయి తగిలిన చప్పుడు వచ్చింది. దానికి రెండు కలిపి 24, ముందు 21 దగ్గర ఆగాను.

ఫోర్కును దీని తర్వాతే ముట్టుకోవాలి. టైరు కూడా ఒక స్ప్రింగే. గాలి మార్చితే ఫోర్కు తీరూ మారినట్టు అనిపిస్తుంది. స్టీలు స్ప్రింగు ఫోర్కు ఉన్నవాళ్లకు ఒక మాట: పైన తిప్పే బిరడా స్ప్రింగును ముందుగా కాస్త నొక్కుతుందే తప్ప దాని గట్టితనాన్ని మార్చదు. బరువుకు తగ్గట్టు మార్చుకోవడం గాలి ఫోర్కుతోనే సులువు.

బైక్ మీద ఎక్కి కదలకుండా నిలబడితే ఫోర్కు కుంగే లోతును శాగ్ అంటారు. 120 మి.మీ.కి 20 శాతం అంటే 24 మి.మీ. లాకవుట్ (ఫోర్కు కుంగకుండా బిగించే మీట) పూర్తిగా తెరిచి, హెల్మెట్, సంచి వేసుకుని, పెడళ్ల మీద దిగుడులో నిలబడినట్టు నిలబడాలి. కూర్చుని కొలిస్తే బరువంతా వెనక్కి పోయి అబద్ధపు కొలత వస్తుంది. ఇంకొకరు సీటు పట్టుకుని, ఫోర్కు కాలి మీది రబ్బరు రింగును కిందికి నొక్కాలి. రింగు లేకపోతే జిప్ టై వదులుగా కట్టి, తొక్కే ముందు తీసేయాలి. ఫోర్కు కంపెనీ చార్టు ప్రకారం 76 పీఎస్ఐ పెడితే 20 మి.మీ. కుంగింది. 66కు తెస్తే 24 వచ్చింది. గాలి మార్చిన ప్రతిసారీ ఫోర్కును పది సార్లు నెమ్మదిగా కుంగించాలి. లోపల పై గది, కింది గది సమానం కావడానికే ఇది. గాలి తగ్గించినప్పుడు ఇది చేయకపోతే ఫోర్కు కిందికి అంటుకుపోయి, దాని ప్రయాణంలో కొంత మాయమవుతుంది. షాక్ పంపును మళ్లీ తగిలించినప్పుడు ముల్లు తక్కువ చూపిస్తే కంగారు పడొద్దు, ఆ గాలి పంపు గొట్టంలోకి పోయింది.

రీబౌండ్ అంటే కుంగిన ఫోర్కు తిరిగి లేచే వేగం. బిరడాను పూర్తిగా మూసి, అక్కడి నుంచి క్లిక్కులు లెక్కపెడుతూ తెరవాలి. హ్యాండిల్ నొక్కి వదిలితే ముందు చక్రం నేల వదిలి ఎగరకూడదు. అలాగని వరస రాళ్ల మీద లేవడానికి టైము చాలక ఫోర్కు అంతకంతకూ కుంగిపోతే రెండు క్లిక్కులు తెరవాలి. నాకు మూసిన చోటి నుంచి తొమ్మిది దగ్గర కుదిరింది. శాగ్ సరిగ్గా ఉండి కూడా చిన్న దూకుడుకే అడుగుకు కొట్టుకుంటే, గాలి పెంచకుండా లోపల ఒక ప్లాస్టిక్ టోకెన్ వేయాలి. గాలి గది చిన్నదవుతుంది, చివరి భాగం మాత్రమే గట్టిపడుతుంది.

మార్చిలో చేసిన ఈ పని మే చివరికి చూస్తే టైర్లో సీలెంట్ ఎండి రబ్బరు పొర అయింది. చలికాలంలో నాలుగైదు నెలలు వస్తుంది గానీ, మన ఎండలకు రెండు నెలలకోసారి వాల్వులోంచి 50 మి.లీ. కలపాలి. టైరును చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాలి.