నియోకి దెబ్బ తగలదు, గొడవంతా అక్కడే

యంత్రాలు మనుషుల్ని 'మ్యాట్రిక్స్' అనే కంప్యూటర్ భ్రమలో బంధించిన కథకు రెండో భాగం, 'ద మ్యాట్రిక్స్ రీలోడెడ్', 2003 మేలో వచ్చింది. దాదాపు 74 కోట్ల డాలర్లు వసూలు చేసింది. పెద్దలకు మాత్రమే తరహా ఆర్ రేటింగ్ సినిమాల్లో ఆ రికార్డు 2016లో 'డెడ్‌పూల్' వచ్చేదాకా చెక్కు చెదరలేదు. అయినా ఈ సినిమా మాటెత్తితే ఇప్పటికీ రెండు జట్లు తయారు. "ఫైట్లు చూసి రా, మధ్యలో ఉపన్యాసాలు వదిలెయ్" అనేది ఒక జట్టు. "ఉపన్యాసాలే సినిమా, ఫైట్లు వీడియో గేమ్" అనేది రెండోది. తమాషా ఏంటంటే ఇద్దరూ సాక్ష్యానికి తెచ్చేది ఒకే ఫైటు: తనను తానే కాపీ చేసుకునే విలన్ స్మిత్, అలాంటి వంద మంది స్మిత్‌లతో హీరో నియో కొట్లాట.

ఆ ఫైటును ముక్కలు చేసి చూడాలి. మొదటి భాగంలో కనిపించేది నిజమైన మనుషులు. నియోగా కియాను రీవ్స్, స్మిత్‌గా హ్యూగో వీవింగ్, అదే సూటు వేసుకున్న డూపులు. డూపుల మొహాల మీద వీవింగ్ మొహాన్ని తర్వాత అతికించారు. ఫైట్ మాస్టర్ యువెన్ వూ-పింగ్. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఊపిరి తెలుస్తుంది. నియో నేలలోంచి ఇనుప స్తంభం పీకిన దగ్గర్నుంచి లెక్క మారుతుంది. అక్కణ్ణుంచి పూర్తిగా కంప్యూటర్లో పుట్టిన షాట్లు ఎక్కువవుతాయి.

మొహాల కోసం వాడిన పద్ధతి పేరు యూనివర్సల్ క్యాప్చర్. నటుడి చుట్టూ అయిదు హెచ్‌డీ కెమెరాలు పెట్టి, హావభావాలన్నీ రికార్డు చేసి, దాన్నే త్రీడీ మొహంగా కట్టారు. ఆ రోజుల్లో అది నిజంగా పెద్ద సాహసం. మొహం వరకూ చాలా షాట్లలో నెగ్గుకొచ్చింది కూడా. తేలిపోయింది ఒంటి దగ్గర. మనిషి కాలు విసిరితే ముందు నడుం తిరుగుతుంది, పాదం వెనక వస్తుంది. తన్ను తిన్నవాడి ఒళ్లు ఒక్కసారిగా కదలదు, తల ఒక క్షణం, భుజం ఇంకో క్షణం. ఇక్కడ స్మిత్‌లు మొత్తం ఒకే దిమ్మలా గాల్లోకి లేస్తారు. దీనికి తోడు ఏ క్రేనూ తిరగలేనంత వేగంగా కెమెరా చుట్టూ తిరుగుతుంది. కన్ను ఆనుకోవడానికి ఒక నిలకడైన చోటు దొరకదు, అందుకే 'బొమ్మ' అని పసిగట్టేస్తుంది. ఒకచోట స్మిత్‌లు గుంపుగా పడుతుంటే బౌలింగ్ పిన్నుల చప్పుడు వినిపిస్తుంది. అది పొరపాటున పడింది కాదు. తీసినవాళ్లు కూడా నవ్వుతూనే తీశారు.

సరే, గ్రాఫిక్స్ తప్పులన్నీ సరిదిద్దారనుకుందాం. అప్పుడు ఫైటు పండుతుందా? నా లెక్కలో పండదు. చివర్లో నియో ఏం చేశాడు? ఎగిరిపోయాడు. ఎగిరిపోగలిగినవాడు మొదటి స్మిత్‌ రాగానే ఎగిరిపోవచ్చుగా అనే ప్రశ్నకు ఆ సీన్లో జవాబు లేదు. 1999 సినిమా ముగిసేసరికే అతను బుల్లెట్లను గాల్లో ఆపేశాడు, ఆకాశంలోకి లేచాడు. అలాంటి హీరోని మళ్లీ ఫైటులో దింపితే చూడ్డానికి బాగుంటుందేమో గానీ భయం పుట్టదు. కర్ర విరగదు, పాము చావదు.

ఈ ఇబ్బంది దర్శకులు వాచోస్కీలకు తెలియక కాదు. హైవే ఛేజ్ చూస్తే తెలుస్తుంది. అది మొదలవ్వడానికి ముందే నియోని మెరొవింజియన్ అనే విలన్ కోటలో వదిలేసి తలుపు మూసేశారు. ఆ తలుపు తీసేసరికి బయట కొండలు, ఊరు ఎక్కడో ఉంది. రోడ్డు మీద మిగిలింది నియో ప్రేయసి ట్రినిటీ, వాళ్ల నాయకుడు మార్ఫియస్, తాళంచెవులు చేసే కీమేకర్. ముగ్గురూ చచ్చిపోగలిగినవాళ్లే. అందుకే రెండు జట్లూ గొడవ పడకుండా ఒప్పుకునే సీన్ అదొక్కటే.

దాన్ని తీసిన పద్ధతి కూడా కలిసొచ్చింది. కాలిఫోర్నియాలోని అలమీడాలో మూతపడిన నౌకాదళ విమాన స్థావరం మీద రెండు కిలోమీటర్లు దాటిన రహదారిని ఈ ఒక్క సీక్వెన్స్ కోసమే కట్టారు. జనరల్ మోటార్స్ కార్లు ఇచ్చింది, షూటింగ్ అయ్యేసరికి వాటిలో మిగిలింది తుక్కు. వాహనాలకు ఎదురుగా డుకాటీ బైకు దూసుకెళ్లే షాట్లలో కన్నుకు ఆనుకునే చోటుంది: తారు, డివైడర్ గోడ, లారీ చక్రాలు. గ్రాఫిక్స్ ఇందులోనూ ఉన్నాయి, కానీ నిజమైన ఇనుము పక్కన నిలబడ్డాయి కాబట్టి తేలిపోలేదు.

కోటలో జరిగే ఫైటులో ఒక చిన్న ముక్క చాలామంది కళ్ల ముందు నుంచి జారిపోతుంది. కత్తి వేటును నియో ఒట్టి చేత్తో ఆపుతాడు. చేతి అంచు మీంచి ఒక్క రక్తపు బొట్టు కారుతుంది. చూశారా, వీడూ మనిషే అన్నట్టు మెరొవింజియన్ వెంటనే తన మనుషులకు చూపిస్తాడు. ఫైట్లన్నిటిలో నియోకి ప్రమాదం ఉందని సినిమా చెప్పబోయింది ఆ ఒక్క బొట్టుతోనే. అక్కడే ఇంకాసేపు ఆగి ఉంటే ఈ గొడవలో సగం ఉండేది కాదు.

ఇక మ్యాట్రిక్స్‌ను కట్టిన ఆర్కిటెక్ట్ నియోకి దాని గుట్టు చెప్పే సీన్. 'ఎర్గో' (కాబట్టి) లాంటి మాటలను వెక్కిరిస్తూ అదే ఏడాది ఎంటీవీ అవార్డుల్లో విల్ ఫెరెల్ పేరడీ చేశాడు. అర్థం కాలేదనే మాట అప్పట్నుంచీ నడుస్తూనే ఉంది. నిజానికి భాష కష్టంగా ఉంది గానీ విషయం అరటిపండు ఒలిచినంత తేలిక. మొదట కష్టాలే లేని మ్యాట్రిక్స్ కట్టారు, మనుషులు ఒప్పుకోలేదు. మనుషుల చరిత్రలోని క్రూరత్వం కలిపి రెండోది కట్టారు, అదీ కూలింది. తెలిసీ తెలియని స్థాయిలోనైనా సరే, ఎంచుకునే అవకాశం ఇస్తే 99 శాతం మంది సర్దుకుపోతారని తర్వాత తేలింది. మిగిలిన ఒక శాతం పోగుపడితే వ్యవస్థకే ముప్పు. వాళ్లు చేరేందుకు నిజ ప్రపంచంలో జయాన్ అనే మనుషుల నగరాన్ని ఉండనిస్తారు, నిండాక నాశనం చేస్తారు. 'ద వన్', అంటే మనుషుల్ని విడిపిస్తాడని అందరూ నమ్మే ఆ ఒక్కడు, వచ్చి 16 మంది ఆడవాళ్లను, ఏడుగురు మగవాళ్లను ఎంచుకుని జయాన్‌ను మళ్లీ మొదలుపెట్టాలి. ఇది అయిదుసార్లు జరిగింది. నియో ఆరోవాడు.

అంటే మొదటి సినిమాలో మనం చప్పట్లు కొట్టిన తిరుగుబాటు కూడా యంత్రాల ప్లానులో భాగమే. ఒక జట్టుకు అసలు కోపం దీని మీదే, ఇంగ్లిష్ పదాల మీద కాదు. ఆ కోపం న్యాయమైనదే, కానీ దాన్ని 'బోర్' అనడం సరికాదు. సినిమాలో నియోకి నిజంగా దెబ్బ తగిలేది ఆ తెల్ల గదిలోనే. వెనక టీవీ తెరల మీద చూడండి. ప్రతి తెరలో ఒక నియో అరుస్తుంటాడు, తిడుతుంటాడు. కెమెరా ఒక తెరలోకి దూరి గదిలోని నియో దగ్గర తేలుతుంది, అతను మాత్రం నెమ్మదిగా, సమస్య ఎంపికలో ఉందంటాడు. తర్వాత రెండు తలుపులు. ముందున్న అయిదుగురు జయాన్ తలుపు పట్టారు, ఇతను ట్రినిటీ వైపు వెళ్లాడు. సినిమా మొదట్లోనే ట్రినిటీ అద్దాలు పగలగొట్టుకుని పడిపోయే కలను పెట్టింది ఇందుకే. నియోకి దెబ్బ తగలదు కాబట్టి తగిలే మనిషిని ముందే చూపించారు.

జయాన్ భాగం ల్యాగ్. డాన్స్ సీన్ సగానికి కోసినా కథకు నష్టం లేదు. ఈ ఫిర్యాదుకు నా దగ్గర ఎదురు వాదన ఏదీ లేదు.

ఇంకో ఫిర్యాదుకు మాత్రం తగినంత గుర్తింపు రాలేదు. కథలో కొన్ని ముక్కలు 'ద యానిమ్యాట్రిక్స్' లఘు చిత్రాల్లో, 'ఎంటర్ ద మ్యాట్రిక్స్' గేములో దాచారు. రెండున్నర లక్షల సెంటినెల్స్, అంటే యంత్రాల వేట రోబోలు, జయాన్ మీదికి వస్తున్నాయన్న కబురు ఒసైరిస్ ఓడ నుంచి వచ్చిందని సినిమాలో ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ ఓడకు ఏమైందో లఘు చిత్రం చూసినవాళ్లకే తెలుసు. జయాన్‌లో నియో వెంట పడే కుర్రాడు, నువ్వే నన్ను కాపాడావని ఎందుకంటున్నాడో కూడా అంతే. టికెట్ కొని వచ్చినవాడికి హోంవర్క్ ఇస్తే చిరాకు పడడా?

కాబట్టి మళ్లీ చూసేవాళ్లు ముందు ఆ రెండు లఘు చిత్రాలు, 'ఫైనల్ ఫ్లైట్ ఆఫ్ ది ఒసైరిస్', 'కిడ్స్ స్టోరీ', చూసేయండి. ట్రినిటీ విద్యుత్ కేంద్రం కంప్యూటర్లోకి దూరే చోట ఒక్కసారి పాజ్ కొట్టండి. తెర మీద ఉన్నది నెట్‌వర్కులను తడిమి చూసే నిజమైన ప్రోగ్రామ్ ఎన్‌మ్యాప్, దూరపు కంప్యూటర్లోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌లో అప్పట్లో నిజంగానే ఉన్న లోపం. పచ్చ అక్షరాలు కురిపించి ఊరుకోకుండా సరైన కమాండ్ టైప్ చేయించారు. ఆర్కిటెక్ట్ సీన్‌కి సబ్‌టైటిల్స్ తప్పనిసరి.

ఇంకొకటి, మూడో భాగం అదే రోజు చూడండి. 2003లో జనం దానికోసం నవంబర్ దాకా ఆగారు. నిజ ప్రపంచంలో నియో చెయ్యెత్తి సెంటినెల్స్‌ను ఎలా ఆపాడో తెలియక, మ్యాట్రిక్స్ లోపల ఇంకో మ్యాట్రిక్స్ ఉందని ఆ నెలలన్నీ సిద్ధాంతాలు అల్లారు. మూడో భాగం ఆ దారి పట్టకపోయేసరికి ఆ కోపమంతా వెనక్కి వచ్చి రెండో భాగం మీద పడింది. ఆ సిద్ధాంతాల హడావుడిలో చివరి షాట్‌ను పట్టించుకున్నవాళ్లు తక్కువ: స్పృహ లేని నియో ఒక బల్ల మీద, పక్క బల్ల మీద జయాన్ మనిషి బేన్. ఆ మనిషి లోపల ఉన్నది స్మిత్.