తథాస్తు దేవతలకు వినబడకుండా

ఈ రోజు మా బెంగళూరు ఆఫీసులో ఫైర్ డ్రిల్, అంటే మంటలొస్తే ఎలా బయటపడాలో చేయించే సాధన. పదకొండింటికని మెయిల్ ముందే వచ్చింది. అయినా అలారం మోగగానే మా వరసలో ఒక్కరూ లేవలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. డ్రిల్ అని తెలిసి కూడా, లేవాలో వద్దో పక్కవాడి ముఖంలో వెతుక్కోవడం చూస్తే నవ్వొచ్చింది. నిజంగా మంటలొచ్చినా మొదటి నిమిషం ఇలాగే పోతుందనుకుంటా, చూపులతోనే. తర్వాత ఒకతను ఛార్జర్ చుట్టుకున్నాడు, ఒకావిడ టిఫిన్ బాక్సుకి మూత పెట్టుకుంది, ఇద్దరు అలవాటు కొద్దీ లిఫ్టు దగ్గరికి నడిచారు. "లిఫ్ట్ బేడ మేడమ్, బేడ బేడ" అని కన్నడంలో వద్దంటూ గార్డు చేతులడ్డం పెట్టి అందర్నీ మెట్ల వైపు తోలాడు.

మెట్లు దిగుతుంటే టోక్యో హనేడా విమానం గుర్తొచ్చింది. 2024 జనవరి 2న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం రన్‌వే మీద కోస్ట్‌గార్డ్ వాళ్ళ చిన్న విమానాన్ని గుద్దుకుని తగలబడింది. ఆ చిన్నదాంట్లో అయిదుగురు పోయారు. పెద్దదాంట్లో ఉన్న 379 మందీ బతికి బయటపడ్డారు. సామాన్లన్నీ వదిలేసి దిగిపోవడం వాళ్ళని కాపాడిందని అప్పట్లో తెగ చెప్పుకున్నారు. మావాళ్ళు కాఫీ కప్పులతో సహా దిగారు. కింద గుంపుగా నిలబడి సెల్ఫీ కూడా అయింది.

మధ్యాహ్నం సీపీఆర్ నేర్పారు, అదే గుండె ఆగినవాళ్ళకి ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టే పద్ధతి. అదీ డ్రిల్ లాంటిదేలే అని వెళ్ళాను కానీ, అసలు సంగతి అక్కడుంది. నేల మీద బొమ్మని పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో అరచేతి మడమ ఆనించి, మోచేతులు వంచకుండా నొక్కమన్నారు. అయిదు సెంటీమీటర్లు లోపలికి దిగాలట, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. సినిమాల్లో చూసి ఏదో మెత్తగా అదమడం అనుకుంటాం గానీ, నిమిషం తిరక్కుండానే నా జబ్బలు పీకేశాయి, చెమటలు కారాయి. "పక్కటెముకలు విరగవా సార్?" అని ఎవరో అడిగారు. "విరగొచ్చు. విరిగినా ఆపకండి, గుండె ఆగిన మనిషికి ఎముక సంగతి తర్వాత" అన్నాడు నేర్పించే ఆయన. ఎంత బలం కావాలో చదివి తెలుసుకునేది కాదు, చేతులకే తెలియాలి. ముందు ఆ మనిషిని తట్టి పిలవడం, గుంపులోకి "ఎవరైనా ఫోన్ చేయండి" అనకుండా ఒకరి వైపు వేలు చూపించి "నీలం చొక్కా, మీరు 108 కి చేయండి" అనడం కూడా గట్టిగా అరిపించారు. మొదట్లో సిగ్గేసింది. మూడో మనిషి వంతు వచ్చేసరికి గది దద్దరిల్లింది.

సాయంత్రం దొమ్మలూరులో 335ఈ ఎక్కితే కిటికీ పక్క సీటు దొరికింది, అదొక అదృష్టం. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద కార్ల్‌టన్ టవర్స్ దాటుతుంటే చూపు అటే పోయింది. 2010 ఫిబ్రవరి 23న ఆ భవనంలో మంటలంటుకుని తొమ్మిది మంది పోయారు. పొగకి తట్టుకోలేక కిటికీల్లోంచి దూకినవాళ్ళున్నారు. బయటికెళ్ళే దారులు మూసి ఉన్నాయని తర్వాత బయటపడింది. అంటే లోపలున్నవాళ్ళు ఎంత నిబ్బరంగా ఉన్నా తలుపు తెరుచుకోవాలి కదా. నిబ్బరం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఈ తలుపు సంగతి ఎత్తరు.

ట్రాఫిక్‌లో చేసే పని లేక, ఏ ఆపదొస్తే ఏం చేయాలో ఒక్కోటి మనసులో నడిపించుకున్నాను. పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త చెప్పిన పద్ధతే: "జాగ్రత్తగా ఉంటాను" అనుకుంటే లాభం లేదు, "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను" అని ముడి వేసి పెట్టుకోవాలి. గ్యాస్ వాసన వస్తే నా చెయ్యి స్విచ్చు మీదికి పోదు, రెగ్యులేటర్ మీదికి పోతుంది. ఎవరైనా కుప్పకూలితే ముందు ఒక పొడుగాటి ఊపిరి వదిలి, అప్పుడు నోరు తెరుస్తాను. ఊపిరి నిదానంగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది, గొంతు కూడా మన మాట వింటుంది. ఇలా మొదటి పని వరకే. ఆపైన ఆసుపత్రి, ఐసీయూ, ఎవరికి కబురు పెట్టాలి అని ఊహించుకుంటూ పోతే అది దిగులు, రాత్రి నిద్ర చెడగొట్టుకోవడం తప్ప ఒరిగేదేం లేదు.

ఇంటికొచ్చాక ఇదంతా అత్తయ్యకి చెప్పబోయాను. తెనాలి నుంచి వచ్చి నెల కావస్తోంది, పగలంతా పాపతో ఒక్కరే ఉంటారు. "అత్తయ్యా, నేను లేనప్పుడు గ్యాస్ లీకయితే..." అన్నానో లేదో, "శుభమా అని దీపం పెట్టే వేళ ఏం మాటలమ్మాయ్ అవి, పైన తథాస్తు దేవతలుంటారు" అని కొట్టిపారేశారు. మన ఇళ్ళల్లో వచ్చిన చిక్కే ఇది. చెడు తలుచుకోకూడదు. తలుచుకోకపోతే తయారవడం ఎలా?

అయితే ఆవిడ చేతుల్ని గమనించాను. వంటవగానే రెగ్యులేటర్ కట్టేస్తారు. టార్చి రోజూ అదే మేకుకి తగిలిస్తారు, పాప తీసి ఆడుకుంటే ఊరుకోరు. పడుకునేముందు మంచినీళ్ళ బిందె నింపాల్సిందే, కుళాయి ఇరవై నాలుగ్గంటలు వచ్చినా సరే. ఆవిడ పుట్టిల్లు అవనిగడ్డ దగ్గర. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి చిన్నపిల్ల. దివిసీమలో వేలమంది కొట్టుకుపోయిన ఆ రాత్రి గురించి ఎప్పుడడిగినా మాట మార్చేస్తారు. నోటితో అనని దాన్ని చేతులకి ఎప్పుడో నేర్పేసుకున్నారు. నేను ఇవాళ బస్సులో కూచుని చేసింది ఆవిడ ఇన్నేళ్ళుగా చేస్తూనే ఉన్నారన్నమాట, గోల్విట్జర్ పేరు వినకుండానే.

అందుకని పంథా మార్చాను. లీకు అన్న మాట ఎత్తకుండా, "ఈ గ్యాస్ గాలి కన్నా బరువట అత్తయ్యా, పైకి పోదు, నేల పట్టుకునే ఉంటుంది, అందుకే వాసన తగిలితే ఫ్యాను వేయకూడదట, వేసున్నది ఆపకూడదట కూడా" అన్నాను. "ఆపినా నిప్పురవ్వ పుడుతుందా?" అని ఆసక్తిగా అడిగారు. కిటికీలు తెరిచి, పాపని తీసుకుని, బయటికెళ్ళాకే గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు 1906 కి ఫోన్ అని చెప్పాను. "ఆ నంబరు పెద్దక్షరాలతో రాసివ్వు" అన్నారు. ఫ్రిజ్ మీద దాంతోపాటు అత్యవసర నంబరు 112, మా అడ్రసు రాసి అంటించాను. ఎన్నో క్రాసు, ఎన్నో మెయిను, పక్కన గణేశ గుడి, ఇదంతా కన్నడంలో ఎలా చెప్పాలో తెలుగు లిపిలోనే రాశాను. పాప అప్పుడే పాటలా పాడేస్తోంది.

ఒకటి మిగిలింది. కింద పొగ కమ్మి మెట్లు దిగే వీల్లేకపోతే టెర్రస్ ఒక్కటే దిక్కు, దానికి ఎప్పుడూ తాళమే. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడిగాను. ఇద్దరు దండం బొమ్మ పెట్టారు. పై అంతస్తు ఆయన "వడియాలకా మేడమ్? ఎండలు ఇంకా ముదరలేదే" అన్నారు. సెక్రటరీగారు చూసినట్టు నీలం గీతలు పడ్డాయి, జవాబు లేదు. రేపు పొద్దున్నే వెళ్ళి తలుపు తడతాను.