బాగా పెరిగిందంటే ముందు అనుమానించాలి

ఈ మధ్య పీహెచ్‌డీలో చేరబోయే పిల్లలు తరచూ అడుగుతున్నారు, ఆర్గనాయిడ్స్ మీద పని ఎలా ఉంటుంది, కేన్సర్ వైపు రావచ్చా అని. ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా. నేనేం పెద్ద ఆరితేరినదాన్ని కాదు, పోస్ట్‌డాక్ మొదట్లోనే ఉన్నా, కాబట్టి కబుర్లు అనుకుని చదవండి.

పేషెంట్ ట్యూమర్ నుంచి తీసిన చిన్న ముక్కని సన్నగా తరిగి, ఎంజైమ్‌తో విడగొట్టి, జెల్‌లో పెట్టి, దానికి కావాల్సిన గ్రోత్ ఫ్యాక్టర్లు ఇస్తే ఆ సెల్స్ వాటంతట అవే ఉండల్లా త్రీడీలో పెరుగుతాయి, అవే ఆర్గనాయిడ్స్. అంతకుముందు అందరం వాడేవి ప్లాస్టిక్‌కి అతుక్కుని ఒకే పొరగా పెరిగే సెల్ లైన్స్, 1951 నాటి హీలా లాంటివి, అవి ఏళ్ళ తరబడి డిష్‌లోనే బతికి బతికి అసలు ట్యూమర్‌కి చాలా దూరం జరిగిపోయాయి. 2009లో నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లీవర్స్ ల్యాబ్‌లో తోషిరో సాటో ఎలుక పేగులోని ఒక్క స్టెమ్ సెల్‌తో మొదలుపెట్టి బుల్లి పేగులాంటిది పెంచి చూపించాడు, మా ఫీల్డ్ మొత్తం అక్కడి నుంచే ఊపందుకుంది. 2015కల్లా అదే ల్యాబ్ వాళ్ళు 20 మంది పెద్దపేగు కేన్సర్ పేషెంట్ల ఆర్గనాయిడ్స్‌ని దాచి పెట్టుకునే బయోబ్యాంక్ కూడా పెట్టేశారు.

చదవడానికి బాగుంటుంది ఇదంతా. చేతిపని మాత్రం వేరే లోకం. ఇందాక చెప్పిన జెల్ పేరు మ్యాట్రిజెల్, నాలుగు డిగ్రీల దగ్గర నీళ్ళలా ఉంటుంది, వెచ్చబడిందంటే గడ్డకట్టేస్తుంది, అందుకని ఐస్ మీదే పెట్టుకుని, పిపెట్ టిప్స్ కూడా ఫ్రిజ్‌లో చల్లబరుచుకుని, బుడగ రాకుండా సెల్స్‌తో కలిపి ప్లేట్‌లో చుక్కలు చుక్కలుగా వెయ్యాలి. వేశాక ప్లేట్‌ని గబుక్కున బోర్లా తిప్పి ఇంక్యుబేటర్‌లో పెడతాం. ఎందుకు బోర్లా అంటే, జెల్ గట్టిపడేలోపు సెల్స్ అడుక్కి దిగిపోయి ప్లాస్టిక్‌కి అంటుకుంటే అవి మళ్ళీ పాత పద్ధతిలో పరుచుకుపోతాయి, ఇక మన కష్టం గోవిందా. మొదటిసారి తిప్పేటప్పుడు చుక్కలన్నీ ఊడి మూత మీద పడతాయేమో అని అందరికీ భయమేస్తుంది, పడవు లెండి. అన్నట్టు ఆర్గనాయిడ్స్ వస్తే జంతువుల అవసరం తగ్గిపోతుందని చెప్పుకుంటాం కదా, ఆ మ్యాట్రిజెల్ తీసేది ఎలుకల్లో పెంచిన ట్యూమర్ నుంచే. ఈ మాట మీటింగుల్లో ఎవరూ పెద్దగా ఎత్తరు.

ఇంక అసలు తలనొప్పి. వారం పది రోజులకి ప్లేట్‌లో ముచ్చటగా, గుండ్రంగా, లోపల ఖాళీతో మెరుస్తూ ఆర్గనాయిడ్స్ కనబడతాయి, కొత్తవాళ్ళు ఫొటోలు తీసి గ్రూప్‌లో పెట్టేస్తారు, సీనియర్లు మాత్రం మొహం చిట్లిస్తారు. కారణం ఏంటంటే ట్యూమర్ ముక్కలో మామూలు సెల్స్ కూడా కొన్ని ఉంటాయి, మనం ఇచ్చే మీడియం, అంటే సెల్స్ పెరగడానికి పోసే పోషక ద్రవం, వాటికీ బ్రహ్మాండంగా సరిపోతుంది, పైరుకన్నా కలుపే ఏపుగా ఎదిగినట్టు అవే ప్లేట్ నిండా పరుచుకుంటాయి. కేన్సర్ సెల్స్ అంటే ఆపలేనంత వేగంగా పెరుగుతాయని అనుకుంటాం కదా, డిష్‌లో చాలాసార్లు వాటినే మామూలు సెల్స్ దాటేస్తాయి.

పెద్దపేగు కేన్సర్ అయితే కొంచెం నయం. ఎక్కువ శాతం ట్యూమర్లలో ఏపీసీ జీన్ పాడైపోయి, సెల్స్‌ని పెరగమని చెప్పే వింట్ సిగ్నల్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, కాబట్టి మీడియంలోంచి వింట్ తీసేస్తే మామూలు సెల్స్ ఆకలితో పోతాయి, ట్యూమర్ సెల్స్ ఏమీ పట్టనట్టు పెరుగుతాయి. సెల్స్ పెరుగుదలకి బ్రేక్ వేసే పీ53 జీన్ పోయిన ట్యూమర్లకి, ఆ బ్రేక్‌ని నొక్కే నట్లిన్ అనే మందు వేస్తే అదే పని జరుగుతుంది, పీ53 బాగున్న సెల్స్ ఆగిపోతాయి. లంగ్, ప్రోస్టేట్ దగ్గరికొస్తే ఇంత తేలికైన కిటుకు లేదు, సీక్వెన్సింగ్ చేయించి, అంటే డీఎన్ఏ చదివించి, పేషెంట్ ట్యూమర్‌లో ఉన్న మ్యుటేషన్లు ఇందులోనూ ఉన్నాయా అని పోల్చి చూసేదాకా చేతిలో ఉన్నది ఏంటో నమ్మకంగా చెప్పలేం. ఇది చూడకుండా మందులు వేసేసి గ్రాఫులు గీసిన పేపర్ చూస్తే నాకైతే అనుమానమే.

మందుల పరీక్ష గురించి ఒక మాట. 2018లో లండన్ గ్రూప్ ఒకటి పేగు, జీర్ణాశయ కేన్సర్లు వేరే చోట్లకి పాకిన పేషెంట్ల ఆర్గనాయిడ్స్‌కి మందులు వేసి, ఆ పేషెంట్లకి నిజంగా ఏం జరిగిందో పోల్చి చూసింది. డిష్‌లో పనిచెయ్యని మందు పేషెంట్‌లోనూ పనిచెయ్యలేదు, పనిచేసినవాటిలో మాత్రం కొన్ని పేషెంట్ దగ్గర తేలిపోయాయి. తక్కువ మంది మీద చేసిందే అయినా నాకు దీన్లో నచ్చింది ఆ మొదటి సగం. ఏది పనిచేస్తుందో చెప్పలేకపోయినా, ఫలానా కీమో దండగ అని ముందే తెలిస్తే ఆ మనిషికి వాంతులు, నీరసం తప్పుతాయి. కాకపోతే ముక్క తెచ్చి, పెంచి, సరిపడా సెల్స్ చేసి, మందు వేసి, ఎన్ని సెల్స్ బతికాయో తెలియడానికి ఏటీపీ కొలిచేసరికి వారాలు గడిచిపోతాయి, ట్రీట్‌మెంట్ మన కోసం అన్నాళ్ళు ఆగదు. పైగా డిష్‌లో రక్తనాళాలు లేవు, ఇమ్యూన్ సెల్స్ లేవు, కాబట్టి ఇమ్యూనోథెరపీ గురించి ఒట్టి ఆర్గనాయిడ్‌ని అడిగి లాభం లేదు, పేషెంట్ ఇమ్యూన్ సెల్సే అయిన టీ సెల్స్ కలిపి పెంచే పద్ధతులు వచ్చాయి గానీ అది ఇంకో రామాయణం.

ఉద్యోగాల సంగతి కూడా అడుగుతున్నారు కదా. 2022 డిసెంబర్‌లో అమెరికా చట్టం మార్చి, మనుషుల మీద ట్రయల్స్‌కి ముందు జంతువుల పరీక్షలే తప్పనిసరి అన్న నిబంధన తీసేసింది, ఆర్గనాయిడ్ చెయ్యి తిరిగినవాళ్ళకి అది మంచిదే. కానీ ల్యాబ్ ఎంచుకునేటప్పుడు పేపర్లు, పేరు చూసి పడిపోకండి. టిష్యూ ఎక్కడి నుంచి వస్తుంది, సర్జరీ అయ్యాక ల్యాబ్‌కి రావడానికి ఎంతసేపు పడుతుంది, పక్కన పెథాలజిస్ట్ ఉన్నారా, ఆదివారం మీడియం మార్చేది ఎవరు, ఇవన్నీ ఇంటర్వ్యూలోనే అడిగెయ్యండి. ఆదివారం ప్రశ్నకి ప్రొఫెసర్ నవ్వి ఊరుకుంటే, మార్చేది మీరేనన్నమాట.