అందరూ రెండో ఓటు వేసిన మాస్టారు

మా లెక్కల మాస్టారు ఉపాధ్యాయ ఎమ్మెల్సీకి, అంటే శాసనమండలిలో టీచర్లు ఓటేసి ఎన్నుకునే సీటుకి, రెండుసార్లు నిలబడ్డారు. రెండుసార్లూ ఓడిపోయారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. నియోజకవర్గం కూడా చెప్పను. ఆంధ్రలో ఉన్న ఉపాధ్యాయ నియోజకవర్గాలే ఐదు, ఏదో ఒకటి చెబితే పేరు చెప్పేసినట్టే.

స్టాఫ్ రూమ్‌లో మేమంతా సబ్జెక్టు పేర్లతోనే పిలుచుకునేవాళ్ళం. నేను సోషల్ మాస్టారిని. శాసనమండలి పాఠం ఎన్ని బ్యాచ్‌లకి చెప్పానో. మూడో వంతు స్థానిక సంస్థల నుంచి, మూడో వంతు ఎమ్మెల్యేల ఓట్లతో, పన్నెండో వంతు పట్టభద్రుల నుంచి, ఇంకో పన్నెండో వంతు ఉపాధ్యాయుల నుంచి, మిగిలింది గవర్నర్ నామినేషన్. రాజ్యాంగంలో 171వ అధికరణం. పిల్లలు అప్పజెప్పేస్తే మార్కులు వేసేసేవాణ్ణి. ఆ పన్నెండో వంతులో ఒక్క సీటు కోసం మనిషి ఎన్ని స్కూళ్ళ మెట్లెక్కాలో మాస్టారి వెనక తిరిగాకే తెలిసింది.

అసలు ఆ సీటు ఉంటుందో ఊడుతుందో కూడా ఎవరికీ గ్యారంటీ లేదు. మండలి 1958లో వచ్చింది, 1985లో రద్దయింది, 2007లో మళ్ళీ వచ్చింది. 2020 జనవరిలో రద్దు చెయ్యమని అసెంబ్లీ తీర్మానం చేసింది, 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. "ముందు ఆ సభ ఉండనివ్వండి మాస్టారూ, తర్వాత మీరు వెళ్దురుగాని" అని మా పీఈటీ ఏడిపించేవాడు.

ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటూ పోటీ చెయ్యడానికి వీల్లేదు. మాస్టారు వాలంటరీ రిటైర్మెంట్ పెట్టేశారు. ఇంకా బోలెడు సర్వీసుంది, పెద్దమ్మాయి ఇంజినీరింగ్ చదువుతోంది. ఆయన భార్య మా ఇంటికొచ్చి "అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి" అన్నారు. చెప్పాను. అప్పట్లో ఆయన నోట ఎప్పుడూ ప్రొఫెసర్ నాగేశ్వర్ గారి మాటే. ఏ పార్టీ టికెట్టూ లేకుండా 2007లోనూ 2009లోనూ హైదరాబాద్ పట్టభద్రుల సీటు గెలిచారు కదా, చదువు చెప్పేవాడి మాట జనం వింటారు కదా అని. చుక్కా రామయ్య గారు ఉపాధ్యాయుల ఓట్లతోనే మండలికి వెళ్ళారు కదా అని. వాళ్ళకున్న పేరు వేరు, మనకున్న పేరు వేరు అని నేనంటే "పేరు కాదు, పని" అనేవారు.

ఇంతకీ మాస్టారి భార్యకి ఓటు లేదు. ఆవిడ కూడా టీచరే, ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీ. ఉపాధ్యాయ నియోజకవర్గంలో ఓటు రావాలంటే సెకండరీ స్థాయికి తగ్గని విద్యాసంస్థలో, గత ఆరేళ్ళలో కనీసం మూడేళ్ళు పాఠం చెప్పి ఉండాలి. అంటే అ ఆలు దిద్దించే టీచరు ఈ లెక్కలో ఉపాధ్యాయురాలు కాదు. సెకండరీ స్థాయి అన్న షరతు రాజ్యాంగంలోనే ఉంది. పోటీ చేసేవాడికి మాత్రం పాఠం చెప్పి ఉండాలన్న నిబంధన లేదు. ముప్ఫై ఏళ్ళు నిండి, రాష్ట్రంలో ఎక్కడో ఒకచోట ఓటరై ఉంటే చాలు, జీవితంలో సుద్దముక్క పట్టుకోనక్కర్లేదు. పట్టభద్రుల సీటుకి నిలబడేవాడు డిగ్రీ చదివి ఉండక్కర్లేదని సుప్రీంకోర్టు 1972లోనే తేల్చేసింది. ఆ తమాషా రెండోసారి పోటీలో ఇంకా బాగా అర్థమైంది. మాస్టారు రిటైర్మెంట్ తీసుకుని అప్పటికి ఆరేళ్ళు దాటింది. గత ఆరేళ్ళలో మూడేళ్ళు పాఠం చెప్పలేదు కాబట్టి ఆయన ఓటు కూడా పోయింది. అభ్యర్థికీ ఓటు లేదు, అభ్యర్థి భార్యకీ ఓటు లేదు. పోలింగ్ రోజు ఆ ఇంట్లోంచి ఎవరూ బయటికి కదలాల్సిన పని లేకపోయింది.

ఈ ఎన్నికల సంగతి తెలియనివాళ్ళు ప్రచారం అంటే నామినేషన్ తర్వాత మొదలవుతుందనుకుంటారు. కాదు. ఈ ఓటర్ల జాబితా మామూలు జాబితాలా ఏళ్ళ తరబడి ఉండిపోయేది కాదు. ప్రతి ఎన్నికకీ మళ్ళీ మొదటి నుంచి రాస్తారు. పోయినసారి ఓటేసినవాడు కూడా మళ్ళీ ఫారం 19 నింపాలి, పనిచేసినట్టు హెడ్మాస్టరుతో సర్టిఫికెట్ రాయించాలి. నవంబరు 1 నాటికి మూడేళ్ళు నిండాయా అన్నది లెక్క. ఎవరు ఎన్ని ఫారాలు నింపించారన్న దాంట్లోనే సగం ఎన్నిక అయిపోతుంది. యూనియన్లకి ఈ పని తెలుసు. మండలానికో బాధ్యుడు, స్కూలుకో మనిషి, ఫారాలన్నీ నింపించి తహసీల్దారు ఆఫీసుకి చేరేలా చూస్తారు. కొన్ని ప్రైవేటు యాజమాన్యాలకీ తెలుసు. ఫీజు కౌంటర్లో కూర్చునే అబ్బాయి కూడా జాబితాలో సైన్సు టీచరైపోతాడు.

మాస్టారు తిరిగింది మాత్రం చిన్న ప్రైవేటు హైస్కూళ్ళు. అక్కడ చెప్పేవాళ్ళకి తమకి ఓటుందనే తెలీదు. తెలిసినా సర్టిఫికెట్ ఇవ్వడానికి కరస్పాండెంట్ వెనకాడతాడు, ఇస్తే ఇన్నేళ్ళు పనిచేసిందని కాగితం మీద ఒప్పుకున్నట్టే కదా, రేపు పీఎఫ్ అడిగితే? ఒక స్కూల్లో హిందీ టీచరు ఫారం నింపుతూ "ఎన్నేళ్ళ నుంచి పనిచేస్తున్నారు" అన్న గడి దగ్గర ఆగిపోయింది. తలుపు వైపు చూసి, పెన్సిల్‌తో ఏడు అని రాసి, "సార్‌ని అడిగి ఇంకుతో రాస్తానండీ" అంది. మర్నాడు ఆ ఫారం తిరిగి రాలేదు. అడిగితే ఆవిడ సెలవులో ఉందన్నారు. మాస్టారు ఇప్పటికీ ఓట్ల లెక్క మర్చిపోతారేమో గానీ ఆ ఏడు మర్చిపోరు.

ఇక స్టాఫ్ రూమ్ ప్రచారం. మధ్యాహ్న భోజనం బెల్లు కొట్టాక దొరికేది ఇరవై నిమిషాలు. అందులో సగం మంది పిల్లల వరసల దగ్గర ఉంటారు, ఒకరు యాప్‌లో ఫొటోలు ఎక్కిస్తూ సిగ్నల్ కోసం వరండాలో నిలబడి ఉంటారు. మిగిలినవాళ్ళు కేరేజీ విప్పుకుంటూ వింటారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: సీపీఎస్ (కొత్త పెన్షన్ పథకం) రద్దు చేయిస్తారా? 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్ళకి పాత పెన్షన్ లేదు, వాళ్ళ బాధ అది. మిగతా అభ్యర్థులు గుండె మీద చెయ్యేసుకుని చేయిస్తామనేవారు. మా మాస్టారు "ఒక్క ఎమ్మెల్సీ వల్ల అయ్యే పని కాదండీ. ప్రశ్న వెయ్యగలను, సభలో గొడవ చెయ్యగలను, అంతే" అనేవారు. నిజమే. కానీ ఓటు అడగడానికి వెళ్ళి చెప్పే మాట కాదని నేనెంత మొత్తుకున్నా వినేవారు కాదు. తర్వాత స్కూళ్ళ, టీచర్ల సర్దుబాటు మీద వచ్చిన 117 జీవో, జీతాల సవరణ (పీఆర్సీ), డీఏ బకాయిలు, బదిలీలు. ఆఖర్న ఆయనే కదిపే విషయం ఎస్జీటీలకి ఓటు. వినేవాళ్ళలో ఎస్జీటీలుండరు, హైస్కూలు కదా. ఓటున్నవాళ్ళ దగ్గర ఓటు లేనివాళ్ళ గురించి మాట్లాడి టైము వృథా చేసేవారని నాకు ఒళ్ళు మండేది.

అయితే ఆయనంటే ఎవరికీ కోపం లేదు. ఆయన దగ్గర చదువుకుని టీచర్లయినవాళ్ళే ఆ స్టాఫ్ రూముల్లో కూర్చుని ఉంటారు. లేచి నిలబడతారు, కుర్చీ వేస్తారు, సగం చపాతీ పెడతారు. గేటు దాకా వచ్చి చెవిలో చెప్పే మాట మాత్రం జిల్లా అంతటా ఒకటే. "మొదటిది మా యూనియన్‌కి తప్పదు మాస్టారూ. రెండోది మాత్రం మీకే."

ఈ రెండో ఓటు సంగతి చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. ఇది ఈవీఎం ఎన్నిక కాదు. బ్యాలెట్ కాగితం మీద అభ్యర్థుల ఫొటోలుంటాయి, పార్టీ గుర్తులుండవు. వాళ్ళిచ్చిన వయొలెట్ స్కెచ్ పెన్నుతోనే 1, 2, 3 అని ప్రాధాన్యం రాయాలి. చెల్లిన ఓట్లలో సగం కంటే ఒకటి ఎక్కువ వస్తేనే గెలుపు. పద్దెనిమిది వేలు చెల్లితే తొమ్మిది వేల ఒకటి. మొదటి లెక్కలో ఎవరికీ అది రాకపోతే అందరికంటే తక్కువ వచ్చినవాణ్ణి తీసేస్తారు, అతని కట్టలోని కాగితాల మీద 2 ఎవరికి ఉందో చూసి వాళ్ళకి పంచుతారు. ఆ తర్వాత కింది నుంచి ఇంకొకణ్ణి. అలా పైకి. అంటే మొదటి ఓటు పడిన అభ్యర్థి పోటీలోంచి పోతేనే ఆ కాగితం మీద రెండో ఓటుకి విలువ. చివరిదాకా నిలిచే ఇద్దరి కట్టల్లోని రెండో ఓటుని ఎవరూ లెక్కపెట్టరు. అవసరం రాదు.

లెక్కల మాస్టారికి ఇది తెలియదా? బోర్డు మీద వేసి మరీ చూపించేవారు. "చూడమ్మా, మీ యూనియన్ అభ్యర్థి ఎలాగూ చివరిదాకా ఉంటాడు. నేను ముందే పోతాను. నువ్వు నాకు రాసే 2 ఆయన కట్టలోనే పడుకుంటుంది" అని. వాళ్ళు శ్రద్ధగా విని, తల ఊపి, "అయినా మీకే వేస్తాం మాస్టారూ" అనేవారు.

వాళ్ళని తప్పుపట్టలేను. మెమో వచ్చిననాడు డీఈఓ ఆఫీసు దాకా తోడొచ్చింది యూనియన్ మనిషే. భార్యాభర్తల బదిలీకి, ఆగిపోయిన జీపీఎఫ్ లోనుకి ఫైలు వెంట తిరిగిందీ వాళ్ళే. మంచి పాఠం చెప్పినాయన మీద గౌరవం ఉంటుంది, ఫైలు కదిపినవాడి మీద ఓటు ఉంటుంది. ఆ ఓటు అలా పడటంలో నాకు అన్యాయమేమీ కనపడదు. చివరి వారంలో ఫంక్షన్ హాళ్ళలో జరిగే విందులూ, చేతులు మారే కవర్లూ మాత్రం వేరే సంగతి. మండలి ఎన్నికల్లో అభ్యర్థి ఖర్చుకి పరిమితే లేదు. అసెంబ్లీకి, లోక్‌సభకి ఉన్న రూలు దీనికి వర్తించదు. మాస్టారి ఖర్చల్లా పదివేల డిపాజిట్టు, కరపత్రాలు, మా ఇద్దరి బండి పెట్రోలు.

మొదటిసారి నేను సర్వీసులో ఉన్నాను, కౌంటింగ్ హాల్లోకి వెళ్ళే వీల్లేదు. ప్రభుత్వోద్యోగి ఏజెంటుగా కూర్చుంటే చట్టరీత్యా నేరం. రెండోసారికి రిటైరైపోయాను కాబట్టి పాసు మెడలో వేసుకుని జాలీ ఇవతల కూర్చున్నాను. పెట్టెలన్నీ కుమ్మరించి, కలిపేసి, కట్టలు కట్టి టేబుళ్ళ మీదికి తెచ్చారు. ఉద్యోగి ఒక్కో కాగితం విప్పి మాకు కనపడేలా పట్టుకుంటాడు. ముందు నవ్వొచ్చింది, చెల్లని ఓట్లు చూసి. చదువు చెప్పేవాళ్ళ ఓట్లు కదా ఇవి! అంకె వెయ్యాల్సిన చోట టిక్కు పెట్టినవాళ్ళు ఎంతమందో. జీవితమంతా పేపర్లు దిద్దిన చెయ్యి, పెన్ను దొరికితే టిక్కే పెడుతుంది మరి. ఒకాయన అంకె వేసి పక్కన సంతకం కూడా చేశాడు. అది కూడా చెల్లలేదు.

తర్వాత నవ్వు ఆగిపోయింది. కాగితం తర్వాత కాగితం, మాస్టారి ఫొటో పక్కన వయొలెట్ రంగులో 2. కొందరిది గుండ్రంగా, కొందరిది కాపీ రైటింగ్‌లా తోక సాగదీసి. నిజంగానే వేశారు. గేటు దగ్గర చెవిలో చెప్పినవాళ్ళు ఒక్కరూ మాట తప్పినట్టు లేరు. ఆ కాగితాలు ఒక్కొక్కటీ 1 ఎవరికి ఉందో వాళ్ళ గడిలోకి వెళ్ళిపోతున్నాయి. ఆ గడులు రెండో మూడో, అన్నీ నిండుగా ఉన్నాయి. మాస్టారి గడిలో మాత్రం కాగితాలు పల్చగా ఉన్నాయి. నా పక్కన కూర్చున్న ఇంకో అభ్యర్థి ఏజెంటు కుర్రాడు "సార్, మీ ఆయనకి రెండోవి భలే పడుతున్నాయండీ" అన్నాడు, సంతోషపెడదామని.

మొదటి లెక్కలో ఎవరికీ కోటా, అంటే గెలవడానికి కావలసిన ఆ సగం పైన ఒకటి, రాలేదు. కింది నుంచి తీసేయడం మొదలుపెట్టారు. మాస్టారి కంటే ముందు పోయినవాళ్ళ కట్టల్లోంచి ఆయనకి వచ్చినవి పిడికెడు. తెల్లవారుజామున మైకులో ఆయన పేరు చదివి ఎలిమినేట్ అయినట్టు ప్రకటించారు. ఆయన కాగితాలు తెచ్చి మా కళ్ళముందే మిగిలినవాళ్ళకి పంచేశారు. వాటి మీద 2 ఎక్కువగా ఉన్నది గెలిచిన మనిషికే. ఫోన్ చేసి చెబితే "పోన్లెండి, మన ఓట్లు ఎవరికో ఒకరికి పనికొచ్చాయి" అన్నారు. డిపాజిట్ సంగతి ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఒకసారి ఓడినవాళ్ళు గెలవరని కాదు. ఉత్తరాంధ్ర టీచర్ల సీటులో 2019లో ఓడిన గాదె శ్రీనివాసులు నాయుడు గారు 2025లో అదే సీటు మళ్ళీ గెలుచుకున్నారు. కానీ ఆయన వెనక పెద్ద యూనియన్ ఉంది. అటు రెండుసార్లు గెలిచిన నాగేశ్వర్ గారు 2021లో మళ్ళీ నిలబడితే, తొంభై ముగ్గురు పోటీ చేసిన ఆ పెద్ద బ్యాలెట్‌లో ఓడిపోయారు. మాస్టారు ఇప్పుడు ఆయన పేరు ఎత్తడం మానేశారు.

ప్రస్తుతం ఆయన మహజరు ఒకటి రాస్తున్నారు, ఎస్జీటీలకి ఓటు ఇవ్వమని. దీనికి రాజ్యాంగ సవరణ దాకా పోనక్కర్లేదు, మండలి కూర్పుని పార్లమెంటు మామూలు చట్టంతో మార్చుకునే వీలు 171లోనే రెండో క్లాజు ఇచ్చిందని నేనే చూపించాను. ఎంపీలందరికీ పంపుతారట. మొన్న ముసాయిదా దిద్దడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య మొదటి సంతకం తనే పెట్టారు. పెట్టి, అదే పేజీ వెనక్కి తిప్పి, "మూడోసారి నిలబడను" అని ఒక లైను రాసి, "మీరూ సంతకం పెట్టండి, అన్నయ్యగారు సాక్షి" అని పెన్ను చేతికిచ్చారు. మాస్టారు ఆ లైనులో అక్షర దోషం ఏదో ఉందని వెతుకుతూ కూర్చున్నారు. నేను కాఫీ తాగి వచ్చేసేసరికి కూడా ఇంకా వెతుకుతూనే ఉన్నారు.